కఖేతిలో మట్టి జాడీల వైన్, దానికి తగిన భోజనం

జార్జియా దేశపు వైన్‌లో అధిక భాగం తూర్పున ఉన్న కఖేతి ప్రాంతం నుంచే వస్తుంది. అక్టోబరులో, ద్రాక్ష కోతలు సాగుతున్న రోజుల్లో, మేము అక్కడికి వెళ్లాము. మొదటి రోజు రాజధాని త్బిలిసి నుంచి ఒక పర్యాటక సంస్థ బస్సులో రెండు పెద్ద వైనరీలు చూశాము. ఒక్కొక్క చోట ముప్పావు గంటలో ఆరేసి రకాలు రుచి చూపించి, నంజుకోవడానికి కాస్త జున్ను (చీజ్) తప్ప మరేమీ పెట్టకుండా, నేరుగా అమ్మకపు గదిలోకి నడిపించారు. మూడో గ్లాసు దాటాక ఏది ఏ రుచో తెలియలేదు; ఆ రోజు వృథా అయిందనే చెప్పాలి.

మరునాడు గోంబోరి కనుమ మీదుగా తెలావి చేరి, ఆ సమీపంలో ఒక కుటుంబం నడుపుకుంటున్న చిన్న వైనరీలోనే రెండు రాత్రులు బస చేశాము. గది శుభ్రంగా ఉంది, కిటికీ తెరిస్తే అలజని లోయకు ఆవల కాకసస్ శిఖరాలు కనిపిస్తాయి. అయితే ఇద్దరు స్నానం చేసేసరికి వేడినీళ్లు అయిపోయేవి, మెట్లు కూడా మోకాళ్ల నొప్పులున్నవారు ఎక్కేలా లేవు.

వైన్ గదిని అక్కడ మరాని అంటారు. లోపల పీపాలేవీ ఉండవు, నేలలో వరుసగా గుండ్రని మూతులు మాత్రమే కనిపిస్తాయి. అవి క్వెవ్రీలు, అంటే లోపల తేనెమైనం పూసి, మెడ వరకు భూమిలో పాతిపెట్టిన కోడిగుడ్డు ఆకారపు పెద్ద మట్టి జాడీలు. పల్లెల్లో ధాన్యపు పాతరలు చూసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. ద్రాక్షరసంతో పాటు తొక్కలు, గింజలు, తొడిమెలు కూడా వేసి పులియబెట్టి, ఆ తరువాత మూత బిగించి వసంతం దాకా కదపకుండా ఉంచడం కఖేతి పద్ధతి. క్వెవ్రీ వైన్ తయారీని యునెస్కో 2013లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంటావిడ ఒక మూత తీసి, చాపలా పైకి తేలిన తొక్కలను పొడవాటి కర్రతో కిందికి అదిమినప్పుడు, అడుగు నుంచి బుడబుడమని చప్పుడు వచ్చింది. నేను వంగబోతే ఆమె చేయి అడ్డుపెట్టారు. పులిసేటప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు ఊపిరి తిప్పుకోనివ్వదు.

ర్కాత్సితేలి తెల్లద్రాక్షే అయినా, తొక్కలతో నెలల తరబడి నానడం వల్ల దాని వైన్ తేనె రంగులో, టీ డికాషన్ అంత వగరుగా ఉంటుంది. ఉత్తగా తాగినప్పుడు మా ఆవిడకు అది బొత్తిగా నచ్చలేదు. రాత్రి భోజనంలో బద్రిజని వడ్డించాక మాత్రం ఆమె గ్లాసే ముందు ఖాళీ అయింది. వేయించిన వంకాయ ముక్కల్లో అక్రోటు, వెల్లుల్లి, అక్కడి నీలి మెంతి కలిపి నూరిన ముద్దను చుట్టి చేసే వంటకమది. అక్రోటు నూనెదనం వగరును అణిచివేస్తుంది, ఆ వగరు తిరిగి నోటిలోని జిడ్డును కోసేస్తుంది. గుత్తివంకాయ ఎరిగిన నాలుకకు ఇది వేరే చెప్పనక్కరలేదు. తొక్కలు లేకుండా చేసిన త్సినందలి అనే తెల్ల వైన్ తేలిగ్గా, పుల్లగా ఉండి, జున్ను నింపి కాల్చిన ఖచాపురి రొట్టెకు సరిపోయింది.

సపేరావి నల్లద్రాక్షకు తొక్కే కాదు, గుజ్జు కూడా ఎర్రనే. దాని వైన్‌ను ద్రాక్ష కట్టెల నిప్పులపై కాల్చిన మాంసంతో తాగడం అక్కడి ఆచారం. మట్టిపాత్రలో వండిన రాజ్మా కూర లోబియో కూడా దానికి ఏమాత్రం తీసిపోదు. మేము తీసుకువెళ్లిన ఆవకాయను సపేరావి పక్కన పెట్టడం మాత్రం నా తెలివితక్కువ. కారం వల్ల వగరు, మంట రెండూ రెట్టింపయ్యాయి. అదే ద్రాక్షతో క్వరేలి ప్రాంతంలో చేసే కింద్జ్‌మరౌలికి కొద్దిపాటి తీపి ఉంటుంది కనుక, ఆవకాయకు అదొక్కటే నిలబడింది.

శాకాహారులు భోజనం ముందురోజే చెప్పుకోవాలి, అదీ "సమర్ఖ్వో" అనే మాటతో. ఉపవాస దినాల్లో మాంసం, గుడ్లు, పాలు లేకుండా వండే వంటలకు అక్కడివారు వాడే మాట అది. మొదటి పూట శాకాహారమని మాత్రమే చెప్పినందుకు మాకు కోడి పులుసు వచ్చింది.