ఫైల్ వాచర్‌లో కెర్నెల్ ఈవెంట్లా, పోలింగా: ఏది మేలు?

ఫైళ్లు మారగానే పసిగట్టే ప్రోగ్రామే ఫైల్ వాచర్. ఫైలు మారిన సంగతి దానికి తెలియాలంటే దారులు రెండు. మారినప్పుడు కబురు, అంటే ఈవెంట్, పెట్టమని కెర్నెల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి) చెప్పుకోవడం ఒకటి. సెకనుకోసారి మనమే గస్తీ తిరిగి ప్రతి ఫైలునూ చూసి రావడం, అంటే పోలింగ్, రెండోది. వాడేవాళ్లకి మొదటిదే నచ్చుతుంది. మెయింటెయిన్ చేసేవాళ్లకి మాత్రం రెండోదాని మీదికే మనసు పోతూ ఉంటుంది, ఊరికే కాదు.

పోలింగ్ ఖర్చు కాగితం మీదే లెక్కకట్టొచ్చు. ప్రాజెక్టులో 50,000 ఫైళ్లు, ఒక్కో స్టాట్ కాల్‌కి (ఫైలు సైజు, మార్పు సమయం అడిగే పిలుపుకి) 2 మైక్రోసెకన్లు అనుకుంటే చుట్టుకి 0.1 సెకను. సెకనుకో చుట్టంటే ఒక కోర్‌లో పదో వంతు దానికే పోతుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ కూడా. అవే ఫైళ్లు నెట్‌వర్క్ మీద ఉండి స్టాట్‌కి 1 మిల్లీసెకను పడితే చుట్టు 50 సెకన్లు. అదే పది కాన్ఫిగ్ ఫైళ్లకి కాపలా కాసే టూల్ అయితే ఈ ఖర్చు లెక్కలోకే రాదు. దానికి ఐనోటిఫై (లినక్స్ కెర్నెల్ కబురు పెట్టే ఏర్పాటు) తగిలించడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. పోలింగ్ కన్నుగప్పే మార్పులూ ఉంటాయి. ఫ్యాట్ అనే పాతకాలపు ఫైల్‌సిస్టమ్‌లో (డిస్క్ మీద ఫైళ్లు సర్దే పద్ధతిలో) మార్పు సమయం 2 సెకన్లకోసారే కదులుతుంది. ఆలోపు మళ్లీ సేవ్ చేసి, సైజు కూడా మారకపోతే ఆ మార్పు దొరకదు.

ఇక లినక్స్‌లో కబురు పద్ధతి. ఐనోటిఫై 2005లో 2.6.13 కెర్నెల్‌తో వచ్చింది. లోపలి ఫోల్డర్లని అది తనంతట చూడదు, ఫోల్డర్‌కో వాచ్ (దీన్ని గమనించమని కెర్నెల్‌కి ఇచ్చే అర్జీ) పెట్టాలి. యూజర్‌కి ఇన్నే వాచ్‌లన్న పరిమితి పాత కెర్నెళ్లలో 8192, 5.11 నుంచి మెమరీని బట్టి పెరుగుతుంది. పరిమితి దాటితే వచ్చే ఎర్రర్ 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్'. చదివినవాళ్లు డిస్క్ చూసుకుంటారు, బోలెడు ఖాళీ కనిపిస్తుంది, మీ టూల్ మీద బగ్ రాస్తారు. ఆ ఎర్రర్‌ని పట్టుకుని, పెంచాల్సిన సెట్టింగ్ పేరు మీరే చెప్పాలి: ఎఫ్‌ఎస్.ఐనోటిఫై.మ్యాక్స్_యూజర్_వాచెస్. నోడ్_మాడ్యూల్స్ (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు చేరే పెద్ద ఫోల్డర్) లాంటివాటిని ఈవెంట్ వచ్చాక వడకడితే లాభం లేదు, వాచ్ పెట్టేముందే వదిలేయాలి.

'మొదటిసారి పట్టింది, రెండో సేవ్ నుంచి పట్టట్లేదు' అనే ఫిర్యాదుకి మూలం చాలాసార్లు ఎడిటరే. విమ్ అనే ఎడిటర్‌లో మెయిన్.సి ఫైలు సేవ్ చేస్తే ఏమవుతుందో చూడండి. ఫోల్డర్‌లో రాయగలనో లేదో పరీక్షించడానికి 4913 అనే ఫైలు పుట్టి పోతుంది. తర్వాత పాత ఫైలుకి పేరు చివర ~ చేరుతుంది, అసలు పేరుతో కొత్త ఫైలు వస్తుంది, చివరికి ~ ఫైలు చెరిగిపోతుంది. వాచ్ ఉండేది ఐనోడ్ (పేరుతో పనిలేకుండా ఫైల్‌సిస్టమ్ అసలు ఫైలుకి పెట్టుకునే గుర్తు) మీద, పేరు మీద కాదు. అందుకని పాత ఫైలుతోపాటే అదీ పోతుంది. ఫైలు మీద కాకుండా ఫోల్డర్ మీద వాచ్ పెట్టి, పేరుతో వడకట్టి, 50 నుంచి 100 మిల్లీసెకన్లు ఆగి ఒకే కబురుగా ఇవ్వాలి. పోలింగ్‌కి ఈ బాధ లేదు, అది చూసేదే పేరుని.

కొత్త ఫోల్డర్ పుట్టాక వాచ్ పెట్టేలోపే అందులో ఫైళ్లు వచ్చిపడొచ్చు, కాబట్టి వాచ్ పెట్టిన వెంటనే లోపల ఏముందో చదవాలి. పెద్ద గిట్ చెకౌట్‌లో (ఒకేసారి వేల ఫైళ్లు మారినప్పుడు) 16,384 ఈవెంట్ల క్యూ పొంగితే మొత్తం మళ్లీ చదవాలి. అంటే ఈవెంట్ల మీద నడిచే వాచర్ లోపల కూడా పోలింగ్ కోడ్ ఉండి తీరుతుంది. దాన్ని తీసేసి కోడ్ తగ్గిద్దామనే పుల్ రిక్వెస్టులు వస్తాయి, ఒప్పుకోకండి.

మ్యాక్‌లో ఎఫ్‌ఎస్‌ఈవెంట్స్, విండోస్‌లో రీడ్‌డైరెక్టరీచేంజెస్‌డబ్ల్యూ లోపలి ఫోల్డర్లని కూడా చూస్తాయి, ఆ మేరకు హాయి. కానీ మ్యాక్ పుట్టడం, మారడం, పోవడం మూడింటినీ ఒకే ఈవెంట్‌లో కలిపి ఇవ్వగలదు. ఏం జరిగిందో చెప్పే ఈవెంట్ జెండాలని నమ్మకుండా ఫైలు ఉందో లేదో చూసుకోవాలి.

కబురు అసలు రాని చోట్లున్నాయి: వేరే మెషీన్ మార్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద పంచుకునే) ఫైళ్లు, డబ్ల్యూఎస్‌ఎల్2లోంచి (విండోస్ లోపల నడిచే లినక్స్‌లోంచి) 9పీ ఫైల్‌సిస్టమ్ ద్వారా చూసే విండోస్ డ్రైవ్. చిక్కేమిటంటే అక్కడ వాచ్ పెట్టడం సక్సెస్ అవుతుంది, ఎర్రర్ రాదు, ఈవెంటూ రాదు. కాబట్టి 'ఎర్రరొస్తే పోలింగ్‌కి మారదాం' అన్న కోడ్ ఇక్కడ పనిచేయదు. స్టాట్‌ఎఫ్‌ఎస్ అనే కాల్ ఇచ్చే ఫైల్‌సిస్టమ్ రకం చూడాలి: హెక్స్‌లో 6969 అయితే ఎన్‌ఎఫ్‌ఎస్, 01021997 అయితే 9పీ.

పెద్ద ప్రాజెక్టుల కోసం రాసే టూల్‌కి డిఫాల్ట్‌గా కెర్నెల్ ఈవెంట్లే మేలు. ఆ రెండు ఫైల్‌సిస్టమ్‌లు కనిపిస్తే ఒక లైను చెప్పి పోలింగ్‌కి మారాలి, చెప్పకుండా మారొద్దు. ఫ్యాన్ ఎందుకు మోగుతోందో వాడేవాళ్లకి తెలియాలి. చేతితో మార్చుకునే ఫ్లాగ్ ఎలాగూ ఉండాలి. ఇష్యూ టెంప్లేట్‌లో మాత్రం ముందే మూడడగండి: కెర్నెల్ వెర్షన్, ఫైల్‌సిస్టమ్ రకం, వాడే ఎడిటర్.