మొరాయించే ఇన్‌స్టాలర్‌పై ప్రాసెస్ మానిటర్: ఏళ్ల తరబడి వాడిన తర్వాత ఒక సమీక్ష

ఒకే ఇన్‌స్టాలర్ ఫైల్, ఒకే విండోస్ వెర్షన్. అయినా కొన్ని డెస్క్‌టాప్ కంప్యూటర్లలో సాఫీగా పూర్తయ్యే ఇన్‌స్టలేషన్ మరికొన్నింటిలో ముప్పావు వంతు దాకా వెళ్లి, ఒక్క క్షణం ఆగి, చేసిన పనంతా తానే చెరిపేసుకుని వెనక్కి వచ్చేస్తుంది. తెరపై కనిపించే సందేశం చాలాసార్లు 1603 అనే సంఖ్య మాత్రమే. ఇన్‌స్టలేషన్ విఫలమైందని తప్ప ఆ సంఖ్య మరేమీ చెప్పదు. ఫైల్ చెడిపోయి ఉంటే అన్ని కంప్యూటర్లలోనూ బెడిసికొట్టాలి. కొన్నింటిలోనే బెడిసికొడుతోందంటే, వెతకవలసినది ఇన్‌స్టాలర్‌లోని లోపాన్ని కాదు, ఆ కంప్యూటర్‌లో ఉన్న తేడాను. ఆ తేడాను పట్టుకోవడానికి నేను చాలా కాలంగా వాడుతున్న ఉపకరణం ప్రాసెస్ మానిటర్.

సిస్‌ఇంటర్నల్స్ పేరుతో మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అంతకుముందే తయారుచేసిన ఫైల్‌మాన్, రెగ్‌మాన్ అనే రెండు ఉపకరణాల పనిని ఒకచోటికి చేర్చి 2006లో దీన్ని విడుదల చేశారు. వారి సంస్థను మైక్రోసాఫ్ట్ కొనుగోలు చేసింది కూడా ఆ ఏడాదే. ఇది ఉచితం, పైగా దీన్ని ఇన్‌స్టాల్ చేయవలసిన అవసరం లేదు. ఇన్‌స్టలేషన్లే సరిగా సాగని కంప్యూటర్‌లో ఈ రెండో గుణం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. అడ్మినిస్ట్రేటర్ హక్కులతో తెరిచిన మరుక్షణం నుంచి, కంప్యూటర్‌లో ఏ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఏ ఫైల్‌ను ముట్టుకుంది, విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో ఏ కీని చదివింది, ఆ ప్రయత్నానికి ఏ ఫలితం వచ్చింది అన్నది వరుసగా నమోదు చేస్తుంది.

అయితే దీన్ని ఒంటరిగా వాడితే మిగిలేది అయోమయమే. నిమిషం తిరగకుండానే లక్షల వరుసలు పోగుపడతాయి. అందుకే నేను ముందుగా, విండోస్‌లోనే ఉండే విండోస్ ఇన్‌స్టాలర్ అనే భాగం చేత పూర్తి వివరాల లాగ్ (జరిగిన పనుల చిట్టా) రాయించుకుంటాను. ఎంఎస్ఐ ప్యాకేజీ (విండోస్ ఇన్‌స్టాలర్ నడిపే ఇన్‌స్టలేషన్ ఫైల్) అయితే, కమాండ్ ప్రాంప్ట్‌లో దాన్ని నడిపే ఎంఎస్ఐఎగ్జెక్ ఆదేశం చివర స్లాష్, ఎల్, నక్షత్రం గుర్తు, వి అక్షరం చేర్చి ఒక ఫైల్ పేరు ఇస్తే చాలు. ఆ లాగ్‌ను కింది నుంచి చదవడం మొదలుపెడితే దారి తప్పుతాం, ఎందుకంటే చివరి భాగమంతా రోల్‌బ్యాక్, అంటే చేసిన పనిని చెరిపేసుకునే గొడవే. పై నుంచి వెతుకుతూ ఒక దశ విఫలమైందని తెలిపే ‘రిటర్న్ వాల్యూ 3’ అన్న మాట మొదటిసారి ఎక్కడ వచ్చిందో చూసి, దానికి సరిగ్గా పైన ఉన్న వరుసలు చదవాలి. ఇంగ్లిష్ కాని విండోస్‌లో ఈ మాట కూడా ఆ భాషలోనే ఉంటుందని గుర్తుంచుకోవాలి.

లాగ్ ఇచ్చేది విఫలమైన దశ పేరు, సమయం. అసలు కారణం చాలాసార్లు అందులో ఉండదు. కస్టమ్ యాక్షన్ (ప్యాకేజీ తయారీదారు తానుగా చేర్చిన దశ) విఫలమైనప్పుడు వచ్చే ఎర్రర్ కోడ్ పక్కన, అది నూటికి నూరుపాళ్లు కచ్చితం కాకపోవచ్చని లాగే స్వయంగా రాసుకుంటుంది. ప్రాసెస్ మానిటర్ అవసరం మొదలయ్యేది అక్కడే: లాగ్‌లోని సమయాన్ని పట్టుకుని అదే క్షణానికి ఇందులో వెళ్తే, ఆ దశ ఏ ఫైల్ దగ్గర తడబడిందో కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ వివరంగా చెప్పడం మంచిది. పత్రాలను భద్రపరిచే ఒక సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కొన్ని డెస్క్‌టాప్‌లలో మాత్రమే 1603తో ఆగిపోయేది. సెట్టింగులు రాసే ఒక కస్టమ్ యాక్షన్ దగ్గర విఫలమైందని లాగ్ చెప్పింది కానీ, ఏ ఫోల్డర్ అన్నది చెప్పలేదు. ప్రాసెస్ మానిటర్‌లో ‘యాక్సెస్ డినైడ్’ ఫలితం వచ్చిన వరుసలు మాత్రమే కనిపించేలా ఫిల్టర్ పెట్టి అదే సెకనుకు వెళ్లగానే, ప్రోగ్రాములు తమ సమాచారం దాచుకునే ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్ కింద పాత వెర్షన్ వదిలి వెళ్లిన ఒక ఫోల్డర్‌ను తెరవబోయి ఎంఎస్ఐఎగ్జెక్ భంగపడిన వరుస దొరికింది. యూజర్ కాలమ్‌లో ఉన్నది సిస్టమ్ ఖాతా, అంటే విండోస్ తన సొంత పనులకు వాడుకునే ఖాతా. ఆ ఫోల్డర్ సెక్యూరిటీ ట్యాబ్ తెరిచి చూస్తే ఆ కంప్యూటర్ వాడేవారి సొంత ఖాతాకు పూర్తి హక్కులు ఉన్నాయి, సిస్టమ్ ఖాతా గానీ అడ్మినిస్ట్రేటర్ల గ్రూపు గానీ జాబితాలోనే లేవు. సిస్టమ్ ఖాతాకు పూర్తి నియంత్రణ ఇచ్చాక ఇన్‌స్టలేషన్ ఏ ఆటంకమూ లేకుండా ముగిసింది.

ఈ ఉదాహరణను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఇన్‌స్టాలర్ విఫలమైనప్పుడు అందరూ ఇచ్చే మొదటి సలహా ‘అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయండి’ అన్నది. కానీ విండోస్ ఇన్‌స్టాలర్‌లో అసలు మార్పులు చేసేది మనం తెరిచిన కిటికీ కాదు, వెనుక సిస్టమ్ ఖాతా కింద నడిచే సర్వీస్. అందువల్ల మన ఖాతాతో ఫోల్డర్ చక్కగా తెరుచుకుంటున్నా ఇన్‌స్టాలర్‌కు తెరుచుకోకపోవచ్చు. మ్యాప్ చేసిన నెట్‌వర్క్ డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చేయబోయినప్పుడు వచ్చే వైఫల్యాలకూ తరచుగా ఇదే మూలం: మన లాగిన్‌కు కనిపించే ఆ డ్రైవ్ అక్షరం సిస్టమ్ ఖాతాకు కనిపించదు, ప్యాకేజీని స్థానిక డిస్క్‌లోకి కాపీ చేసుకుంటే సమస్య తీరుతుంది. ఎవరి తరఫున ఏ ప్రయత్నం జరిగిందో వరుస వరుసకూ చూపడమే ప్రాసెస్ మానిటర్‌లో నాకు అన్నింటికంటే విలువైన అంశం. సర్వీస్ మరొక ఖాతా తరఫున పనిచేస్తున్నప్పుడు ఆ సంగతి కూడా డీటెయిల్ కాలమ్‌లో కనిపిస్తుంది.

ఇక లోపాలు. కొత్తగా వాడేవారిని ఇది భయపెడుతుంది. ‘నేమ్ నాట్ ఫౌండ్’ అన్న ఫలితం వేల వరుసల్లో కనిపిస్తుంది. వాటిలో అత్యధికం నిరపాయకరం, ఎందుకంటే ప్రోగ్రాములు ఒక ఫైల్ కోసం నాలుగు చోట్ల వెతికి ఐదో చోట పట్టుకోవడం విండోస్‌లో మామూలే. ఏది మామూలో ఏది కాదో తేల్చుకోవడానికి నాకు తెలిసిన నమ్మకమైన మార్గం ఒక్కటే: బాగా పనిచేసే కంప్యూటర్‌లో కూడా అదే ఇన్‌స్టలేషన్‌ను నమోదు చేసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం. రెండింటిలోనూ ఉన్న వైఫల్యాన్ని వదిలేయవచ్చు.

ఫిల్టర్ పెట్టినా, దాచిన వరుసలు కూడా మెమరీలోనే ఉండిపోతాయి. సుదీర్ఘమైన ఇన్‌స్టలేషన్ అయితే ‘డ్రాప్ ఫిల్టర్డ్ ఈవెంట్స్’ ఎంచుకోవాలి, లేదా నమోదును డిస్క్‌పైని ఫైల్‌కు మళ్లించాలి. మొదటి పద్ధతిలో పోయిన వరుసలు తిరిగి రావు కాబట్టి నేను రెండోదాన్నే ఇష్టపడతాను. మరొక జాగ్రత్త కూడా అవసరం: ఒక్క ఇన్‌స్టలేషన్‌లో ఎంఎస్ఐఎగ్జెక్ ప్రాసెస్‌లు ఒకటికి మించి నడుస్తాయి కాబట్టి ప్రాసెస్ సంఖ్యతో ఫిల్టర్ పెడితే అసలు వరుస జారిపోతుంది.

కొన్ని సమస్యలను ఇది పట్టుకోలేదు. ఒక ఫైల్ దగ్గర ‘షేరింగ్ వయొలేషన్’ వచ్చిందని చూపుతుంది కానీ ఆ ఫైల్‌ను పట్టుకుని కూర్చున్నది యాంటీవైరసా, మరో ప్రోగ్రామా అన్నది ఆ వరుస చెప్పదు. అందుకు అదే కుటుంబానికి చెందిన ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైల్ పేరు వెతకాలి. 1618 వస్తే మరో ఇన్‌స్టలేషన్ అప్పటికే నడుస్తోందని అర్థం, దానికి ఇంత సరంజామా అక్కర్లేదు. ఇన్‌స్టాలర్ తనలోని షరతు వల్ల తానే తిరస్కరించే సందర్భాల్లో లాగే మేలు. విండోస్ 10లో కూడా వెర్షన్‌ఎన్‌టీ అనే ప్రాపర్టీ విలువ విండోస్ 8.1లో మాదిరిగా 603గానే ఉంటుంది. ఆ విలువను చూసి విండోస్ వెర్షన్‌ను నిర్ణయించే పాత ప్యాకేజీలు తప్పుడు కారణంతో ఆగిపోతాయి. ఆ నిర్ణయం లాగ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది, ప్రాసెస్ మానిటర్‌లో దాని జాడ దొరకదు.

పాత వెర్షన్ సగం తొలగి దాని రిజిస్ట్రీ అవశేషాలు అడ్డుపడుతున్నప్పుడు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్ త్వరగా పని ముగిస్తుంది. కానీ అది ఏ తేడాను సరిచేసిందో వివరించదు కాబట్టి అదే సమస్య ఉన్న మిగతా కంప్యూటర్లకు ఆ అనుభవం ఉపయోగపడదు. పది డెస్క్‌టాప్‌లకు ఒకేసారి పరిష్కారం కావాలంటే కారణం తెలియాలి. అందుకే నేను ప్రాసెస్ మానిటర్‌నే ఎంచుకుంటాను, ఇంట్లో ఒక్క కంప్యూటర్ ఉన్నవారికి మాత్రం ముందుగా ట్రబుల్‌షూటర్‌నే సూచిస్తాను.

నమోదైన ఫైల్‌ను సాఫ్ట్‌వేర్ తయారీదారుకు పంపేవారు ఒక విషయం గమనించాలి. అందులో యూజర్ పేర్లు, ఫోల్డర్ మార్గాలు, ఆ సమయంలో నడుస్తున్న ఇతర ప్రోగ్రాముల కదలికలు అన్నీ ఉంటాయి. సేవ్ చేసేటప్పుడు ప్రస్తుత ఫిల్టర్‌లో కనిపించే వరుసలను మాత్రమే భద్రపరిచే ఎంపిక ఉంది. ఇన్‌స్టాలర్‌కు సంబంధించిన వరుసలకే ఫిల్టర్ పెట్టి దాన్ని వాడితే తయారీదారుకు చేరేది పనికొచ్చే సమాచారం మాత్రమే, ఫైల్ పరిమాణం కూడా ఈమెయిల్‌లో పంపగలిగేంతకు తగ్గుతుంది.