జేబు త్రాసు, కప్పుడు నీళ్లు, భూతద్దం: పాత రూపాయిల పరీక్షకు నేను వాడుతున్నవి

పాత నాణేలు అమ్మాలనుకునేవాళ్లు ముందుగా కొనవలసింది ధరల పుస్తకం కాదు, మంచి త్రాసు. ఈ మాట నమ్మకంతో చెబుతున్నాను. విజయనగరంలో మా బంధువుల ఇళ్లలోనూ, ఇరుగుపొరుగు ఇళ్లలోనూ బయటపడిన నాణేలు కొన్నేళ్లుగా అంగడికి వెళ్లే ముందు నా బల్ల మీదికి వస్తున్నాయి. వాటి కోసం నా దగ్గర ఉన్నవి ఇవి: 200 గ్రాముల దాకా తూచి, గ్రాములో నూరో వంతు వరకు చూపే జేబు ఎలక్ట్రానిక్ త్రాసు, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, వ్యాసం కొలిచే వెర్నియర్ కాలిపర్, నియోడిమియం అనే బలమైన రకం చిన్న అయస్కాంతం. ఏది ఎంతవరకు పనికొచ్చిందో చెబుతాను.

మా వైపు ఇళ్లలో దొరికేవి ఎక్కువగా బ్రిటిష్ కాలపు వెండి రూపాయిలే. వరలక్ష్మీ వ్రతం రోజున అమ్మవారి ముందు పెట్టి, మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయే విక్టోరియా రాణి రూపాయిలు చాలా కుటుంబాల్లో ఉన్నాయి. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయిని తెచ్చింది. దాని తూకం 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు, సరిగ్గా పాత తులం. వెండి వెయ్యిలో 917 పాళ్లు. అర్ధరూపాయి 5.83, పావలా 2.92 గ్రాములు. చేతులు మారి అరిగిన రూపాయి 11.5 దగ్గర తూగితే కంగారు పడను. బాగా తక్కువ తూగుతూ అక్షరాలు మాత్రం కొత్తవాటిలా పదునుగా ఉంటే అనుమానిస్తాను. తూకం 11.66 దాటి పోతే ముందు అంచు చూస్తాను. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించి తర్వాత తీసేసిన నాణేలకు అక్కడ టంకం మిగిలి ఉంటుంది. అలాంటిది అసలుదే అయినా సేకరణదారులు ఇచ్చే ధర బాగా పడిపోతుంది. అమ్మేవారికి ఆ సంగతి ముందే చెప్పేస్తాను.

త్రాసు విషయంలో జాగ్రత్తలు ఉన్నాయి. ఫ్యాను తిరుగుతుంటే అంకె ఊగుతుంది. బ్యాటరీ నీరసిస్తే ఒకే నాణేనికి పూట పూటకూ వేరే తూకం చూపుతుంది. సరిచూసుకునే తూకపు రాయి విడిగా కొనడం మంచిది. అది లేనప్పుడు 2011లో వచ్చిన, రూపాయి గుర్తున్న అయిదు రూపాయల నాణేలు అయిదు కలిపి తూచండి. ఒక్కొక్కటి 6 గ్రాములు కనుక 30కి దగ్గరగా రావాలి.

ఈ త్రాసు అసలు విలువ నీళ్ల పరీక్షలో తెలిసింది. తేలికైన ప్లాస్టిక్ కప్పులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి, అంకెను సున్నాకు తెస్తాను. స్టీలు గ్లాసు వద్దు, దాని బరువుకే త్రాసు హద్దు దాటిపోవచ్చు. నాణేనికి సన్నని పాలిస్టర్ కుట్టుదారం కట్టి, కప్పు అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకుంటాను. అప్పుడు కనిపించే అంకె ఆ నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. నాణెం తూకాన్ని దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. 917 పాళ్ల వెండి రూపాయికి నీళ్లలో 1.13 రావాలి, అంటే సాంద్రత 10.3. జర్మన్ సిల్వర్ (పేరులో తప్ప వెండి లేని రాగి, నికెల్, జింకు మిశ్రమం), రాగి నికెల్ మిశ్రమం లాంటివాటితో అదే తూకానికి చేసిన నకిలీ అయితే అంకె 1.3కి చేరుతుంది లేదా దాటుతుంది. కళ్లు ఎంత మోసపోయినా ఈ తేడా దాగదు. నాణెం మీద గాలి బుడగలు అంటుకుంటే మాత్రం లెక్క తప్పుతుంది. దారం పట్టుకుని మెల్లగా కదిపి వాటిని వదిలించాలి. తర్వాత మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టాలి, రుద్దకూడదు. రాగి నాణేలకు నేను ఈ పరీక్ష చేయను.

ఇదే పరీక్ష ఇంకో మేలు చేసింది. 1940 నుంచి రూపాయిలో వెండిని సగానికి తగ్గించి, మిగతా సగం రాగి, నికెల్, జింకు కలిపారు. తూకం మాత్రం అదే 11.66. పాత రూపాయిలో సుమారు 10.7 గ్రాముల మేలిమి వెండి ఉంటే, దీనిలో 5.83 గ్రాములే. నీళ్లలో ఇది 1.22 చూపుతుంది. ఆరో జార్జి బొమ్మ ఉన్న రూపాయిలన్నిటినీ ఒకే కుప్పగా పోసి అమ్మేవాళ్లకు ఈ తేడా తప్పక తెలియాలి. ఈ సగం వెండి రూపాయిల అంచు గీతల మధ్యలో ఒక గాడి ఉంటుంది. దొంగ నాణేల తయారీని కష్టం చేయడానికి పెట్టిన ఏర్పాటు అది.

పావలాకు ఈ పద్ధతి చాలదు. నీళ్లలో 0.28 రావలసిన చోట నూరో వంతు తేడా వచ్చినా సాంద్రత ఎటో పోతుంది. ఒకే రకం పావలాలు నాలుగైదు కలిపి ముంచితే కొంత నమ్మవచ్చు. కళింగను ఏలిన తూర్పు గాంగుల కాలపు, అర గ్రాము తూగే బంగారు ఫణాల దగ్గర నా త్రాసు పూర్తిగా చేతులెత్తేస్తుంది. పడుకున్న నంది బొమ్మ, వెనుక పాలనా సంవత్సరం అంకె ఉన్న ఆ చిన్న నాణేలను అవి తెలిసిన నిపుణుడికి చూపించమంటాను.

అయస్కాంతాన్ని జనం అతిగా నమ్ముతారు. అతుక్కుంటే దొంగది, అతుక్కోకపోతే అసలుది అనుకుంటారు. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి నికెల్‌తో చేసినది, అసలుదైతే అతుక్కునే తీరాలి. వెండి నాణెం అతుక్కుంటే లోపల ఇనుమో నికెలో ఉన్నట్టే. అతుక్కోనంత మాత్రాన ఏమీ తేలలేదు, రాగి, ఇత్తడి, జర్మన్ సిల్వర్ కూడా అతుక్కోవు.

భూతద్దం మాత్రం త్రాసుకు సరైన తోడు. సీసం లాంటి బరువైన లోహం కలిపి సాంద్రతను దగ్గరగా తెచ్చిన నకిలీని పట్టించేది ఇదే. అసలు నాణెం అచ్చు దెబ్బతో తయారవుతుంది కనుక అక్షరాల అంచులు తేటగా లేస్తాయి. మూసలో పోసిన నకిలీకి బొమ్మ మెత్తబడి, ఖాళీ చోట చిన్న చిన్న గుంటలు పడతాయి. అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తే ఇక ముందుకు పోనక్కరలేదు. అరుదైన సంవత్సరాల దగ్గర అంకెలను ఒక్కొక్కటిగా చూడాలి. 1939 రూపాయి అరుదు కాబట్టి చివరి అంకెను గీకి మార్చినవి అంగట్లో తిరుగుతాయి. మారిన అంకె చుట్టూ లోహం రంగు వేరుగానో గీతలుగానో ఉంటుంది. అయిదో జార్జి 1911 రూపాయిలో రాజు మెడహారం మీది ఏనుగు పందిలా ఉందని అభ్యంతరం వచ్చి, మరుసటి ఏడాది బొమ్మను సవరించారు. అందువల్ల 1911కు గిరాకీ ఉంది. 1912, 1913, 1914 అంతటి అరుదైనవి కావు. అయిదో జార్జి రూపాయి వెనుకవైపు అడుగున చిన్న చుక్క ఉంటే బొంబాయి టంకశాలది, లేకపోతే కలకత్తాది.

కాలిపర్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నుమిస్టా అనే ఇంటర్నెట్ నాణేల జాబితాలో ఉన్న వ్యాసంతో పోల్చుకోవడానికి పనికొస్తుంది. దవడలు నాణేన్ని గీరకుండా ప్లాస్టిక్‌ది కొనండి.

ఈ పరికరాలేవీ బయటికి తీయకుండానే తేలిపోయేవి కొన్ని ఉన్నాయి. ఒకవైపు హనుమంతుడో రామ పట్టాభిషేకమో, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అనో 1616 అనో సంవత్సరం ఉన్న రాగి బిళ్లలు చాలా ఇళ్లలో ఉన్నాయి. కంపెనీ అలాంటి నాణేలు ఎన్నడూ వేయలేదు. దేవుడి గదిలో ఉంచుకుని పూజించుకోండి, లక్షలు వస్తాయని మాత్రం ఆశపడకండి. బియ్యపు గింజలను లాగుతుందని చెప్పే ‘రైస్ పుల్లింగ్’ నాణెం పచ్చి మోసం, దాని పేరుతో కుటుంబాలు ఉన్నదంతా పోగొట్టుకున్నాయి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు, పది రూపాయల నాణేలను లక్షలకు కొంటామని ఫోన్ చేసి, ముందుగా రుసుము కట్టమనేవాళ్లనూ నమ్మవద్దు. తన పేరు చెప్పి ఇలా రుసుములు, కమీషన్లు అడిగేవాళ్లతో తనకు సంబంధం లేదని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

గంటస్తంభం చుట్టుపక్కల బంగారు దుకాణాల్లో యంత్రం కింద పెట్టి వెండి శాతం చెబుతారు. మంచి సాధనమే, అయితే అది చదివేది పైపొరను. మందంగా వెండి పూత పూసిన నకిలీ దాని దగ్గర నెగ్గవచ్చు, నీళ్లలో నెగ్గడం కష్టం. గీటురాయి మీద గీయనివ్వకండి, ఆ గీత శాశ్వతం. రాతి మీద పడేసి మోత వినడం కూడా వద్దు, అంచు నొక్కుకుపోతుంది.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది చింతపండుతో తోమిన నాణెం. తరాల పాటు పట్టిన ఆ నల్లని పొరే సేకరణదారుడికి కావలసింది. తళతళ మెరిసేలా తోమి తెచ్చిన రూపాయిని చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. అమ్మాలనుకుంటే దుమ్ము కూడా ఊది వదిలేయండి, అంతకు మించి ఏమీ చేయవద్దు.

శాలిహుండం, దంతపురం, ముఖలింగం వైపు పొలాల్లో దొరికినవాటి సంగతి వేరు. నేలలో దాగి దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. అలాంటివి తెస్తే నేను తూచను, ముందు అక్కడికి వెళ్లమంటాను. నూరేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు కనుక విదేశాల్లో ఉన్న కొనుగోలుదారుకు పంపడం కుదరదు, ఎంత ఇస్తామన్నా సరే.

ఇప్పుడు అమ్మకానికి పంపే ప్రతి రూపాయికీ నాలుగు ఫొటోలు తీయిస్తున్నాను: రెండు ముఖాలు, అంచు, త్రాసు మీద అంకెతో సహా ఒకటి. అంకె ఉన్న ఫొటో చూశాక కొనేవాళ్లు తూకం ఊసెత్తకుండా నేరుగా ధర మాట్లాడుతున్నారు.