బ్యాటరీ పదార్థాల పేటెంట్ తిరస్కరణలు: నెల్లూరు ఏజెంటు ఆఫీసు ఎంతవరకు పనికొస్తుంది?

"పదార్థం కొత్తదే, కానీ ఈ విద్య తెలిసినవాడికెవడికైనా తట్టేదే" అంటూ చెన్నై పేటెంట్ ఆఫీసు అభ్యంతరం పెట్టిన బ్యాటరీ ఎలక్ట్రోడ్ ఫైళ్లను నెల్లూరులోని ఈ పేటెంట్ ఏజెంటు ఆఫీసు చూస్తుంది. కావలి, ఒంగోలు ల్యాబుల వాళ్లకు చెన్నై తిరుగుడు తగ్గుతుంది. నా మార్కులు: అభ్యంతరానికి జవాబు రాయడంలో 5కి 4, అప్పీలు దగ్గర 2.

బలమంతా డేటా అడిగే తీరులో ఉంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో మాంగనీస్ కలిపిన కాథోడ్‌నే (బ్యాటరీ పాజిటివ్ ఎలక్ట్రోడ్) తీసుకోండి. ఐరన్ 3.4 వోల్టుల దగ్గర పనిచేస్తే మాంగనీస్ 4.1 దగ్గర పనిచేస్తుంది, అందుకే దాన్ని కలపాలని అందరికీ ఆశ. ఎగ్జామినర్ చూపే పాత పత్రాలను డీ1, డీ2 అంటారు. మిశ్రమం డీ1లో, కార్బన్ పూత డీ2లో దొరికాయంటే అతను రెండూ కలిపేస్తాడు. ఈ ఆఫీసువాళ్ల మొదటి ప్రశ్న: "డీ1 నమూనాను మీరే తయారుచేసి పోల్చారా?" మామూలు ఐరన్ ఫాస్ఫేట్‌తో పోల్చిన గ్రాఫులు పక్కన పెట్టేస్తారు. అదే సబబు, అభ్యంతరం డీ1 మీద కదా.

పోలిక పట్టికలో చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల కాథోడ్ పదార్థం పూత, ఎలక్ట్రోలైట్, వోల్టేజీ హద్దులు, సి-రేటు (చార్జ్, డిశ్చార్జ్ చేసే వేగం) రెండు నమూనాలకూ ఒకటే ఉండాలంటారు. పూత పలచగా వేస్తే ఏ కాథోడైనా 5సి లాంటి ఎక్కువ వేగం దగ్గర బాగానే కనిపిస్తుంది మరి! క్లెయిమ్‌లో (హక్కు కోరే వాక్యంలో) మాంగనీస్ వాటా 0.4 నుంచి 0.8 అని రాసి, ఫలితం 0.6కే చూపిస్తే పరిధి కుదించమంటారు. కుదించిన పరిధికి స్పెసిఫికేషన్‌లో (మొదట దాఖలు చేసిన వివరణలో) ఆధారం లేకపోతే, సవరణలకు హద్దు పెట్టే పేటెంట్ చట్టం సెక్షన్ 59 అడ్డొస్తుంది.

లోపం గడువుల దగ్గర. హియరింగ్ అయ్యాక రాతపూర్వక వాదనకు 15 రోజులే. డేటా అప్పటికే చేతిలో ఉండాలని వీళ్లు ఆలస్యంగా చెబుతారు. తర్వాత అప్పీలుకు వెళ్తే హైకోర్టులో కొత్త డేటా చేర్పించడం కష్టం. తిరస్కరణ వచ్చాక రివ్యూకు (పేటెంట్ ఆఫీసునే మళ్లీ చూడమని అడగడానికి) నెల, సెక్షన్ 117ఏ కింద అప్పీలుకు 3 నెలలు. ఏజెంటు హైకోర్టులో వాదించలేడు, అడ్వకేటు కావాలి. ఆ ఫీజు కొటేషన్‌లో లేదు. ఇలాంటి అప్పీళ్లు వినే ట్రిబ్యునల్‌గా ఉండి 2021లో రద్దయిన ఐపీఏబీ పేరు ఇంకా వీళ్ల కరపత్రంలో కనిపిస్తోంది!

వెళ్లేటప్పుడు గ్రాఫులే కాక సైక్లర్ (బ్యాటరీని చార్జ్, డిశ్చార్జ్ చేసి పరీక్షించే యంత్రం) ముడి ఫైళ్లు, ఎలక్ట్రోడ్ బరువుల నోట్‌బుక్ కూడా పట్టుకెళ్లండి. అడ్వకేటు ఫీజు ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి.