పొట్టేలుకు విటమిన్ ఈ పొడి: మూడు సీజన్లు వాడాక

పొట్టేలు వీర్యం బాగుండాలని పెట్టే ఈ పొడి ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో ‘15 రోజుల్లో ఫలితం’ అని వేశారు చూడండి, నా కోపమంతా ఆ ఒక్క ముక్క మీదే. అది నమ్మి ఒక ఈత పోగొట్టుకున్నాను.

మాది ఉదయగిరి వైపు మెట్ట. 34 గొర్రెలు, అన్నీ నెల్లూరు జోడిపి జాతివి, పొట్టేలు ఒక్కటే. 2023 తొలకరికి దాన్ని మందలో వదిలినప్పుడు రొమ్ముకు ఆముదంలో కలిపిన పసుపు పూశాను. ఏ గొర్రెను ఎక్కితే దాని నడుం మీద పసుపు అంటుకుంటుంది. 17 రోజులయ్యాక, అంటే గొర్రె మళ్లీ ఎదకు వచ్చే వేళకు, పసుపు ఆపి జాజు (ఎర్రమట్టి రంగు) పూశాను. చూలు నిలిచిన గొర్రె మళ్లీ ఎదకు రాదు కాబట్టి దాని మీద జాజు పడకూడదు. పొద్దున్నే దొడ్డి తడిక తీసి లెక్కపెడుతుంటే పసుపు మీద జాజు పడినవి రోజుకు రెండు, మూడు చొప్పున పెరిగి చివరికి 19కి వచ్చాయి. పొట్టేలు చూస్తే హుషారుగానే ఉంది, ఎక్కుతూనే ఉంది. అప్పుడే మందుల షాపులో విటమిన్ ఈ, సెలీనియం కలిసిన ఈ పొడి ఇచ్చారు. 20 రోజులు తవుడులో కలిపి పెట్టాను. ఏ మార్పూ లేదని మానేసి, పొట్టేలును సంతకు తోలేద్దామనుకున్నాను.

ఆఖరికి డాక్టరు గారికి చూపిస్తే వృషణాలు చేత్తో పట్టి చూసి, "రోహిణి ఎండలో దీన్ని ఎక్కడ కట్టేశావయ్యా?" అన్నారు. రేకుల కింద. వృషణాలు ఒంటి వేడి కన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగ్గా తయారవుతాయి. పొట్టేలులో అవి తయారవడానికే సుమారు ఏడు వారాలు పడుతుంది, ఆపైన నాళంలో పక్వానికి రావడానికి ఇంకో పది పన్నెండు రోజులు. అంటే జూలైలో వచ్చే వీర్యం మే ఎండల్లో తయారవడం మొదలైందన్నమాట. "ఇవాళ పెట్టింది రెండు నెలలకు కనపడుద్ది, నువ్వు 20 రోజులకే మానేస్తే ఎట్టా?" అన్నారు. విటమిన్ ఈ, సెలీనియం కణం పైపొరలో ఉండే కొవ్వు చెడిపోకుండా కాపాడతాయి, అప్పటికే పాడైపోయిన వాటిని బాగుచేయలేవు. ఇదే ముక్క ప్యాకెట్ మీద వేసి ఉంటే నేను ఏప్రిల్‌లోనే కొనేవాణ్ణి.

2024లో అలాగే ఏప్రిల్ చివర్లో మొదలుపెట్టాను. జాజు పడినవి 8 మాత్రమే! కనపడిన వాళ్లందరికీ ఈ పొడి కొనమని చెప్పాను. ఇప్పుడు ఆ మాట కాస్త తగ్గించుకోవాలి. ఆ ఏడే పొట్టేలును వేపచెట్టు కిందికి మార్చాను, రోజూ అవిశ కొమ్మలు కూడా వేశాను. వేసవంతా ఎండుమేత మీదే ఉంటే విటమిన్ ఏ తగ్గుతుంది, దానివల్ల కూడా వీర్యం దెబ్బతింటుంది, పచ్చాకు ఆ లోటు తీరుస్తుంది. 2025లో ఇంట్లో పెళ్లి హడావుడిలో పడి పొడి జూన్‌లో గానీ మొదలుపెట్టలేకపోయాను. నీడ, అవిశ మాత్రం తప్పలేదు. ఆ ఏడు 10. కాబట్టి పొడి వల్ల ఎంత, నీడ వల్ల ఎంత అంటే నేను చెప్పలేను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను, తొందరగా పనిచేస్తుందని కొలత పెంచకండి, సెలీనియం ఎక్కువైతే విషమే. ఆవుల మినరల్ మిక్చరు మిగిలింది కదా అని గొర్రెలకు అసలు పెట్టకండి, అందులో ఉండే రాగికి గొర్రెలు తట్టుకోలేవు.

కాలువ కింద ఉండి ఏడాదంతా పచ్చిమేత దొరికేవాళ్లకు ఇది అవసరం పడకపోవచ్చు. నాకు ఉన్నది ఒక్క పొట్టేలు, అది దెబ్బతింటే ఆ ఏడు పిల్లలుండవు, అందుకని మళ్లీ కొన్నాను. ఈసారి ఏప్రిల్ 20నే మొదలుపెట్టాను, వేపచెట్టు కిందే కట్టేస్తున్నాను.