పాత సిటీ వీటెక్ పికప్ అసలు ఎంత? జీపీఎస్ టైమింగ్ పెట్టె ఏడాది వాడాక నా రివ్యూ

ముందు వస్తువు గురించి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉంటుంది, డాష్‌బోర్డు మీద పెట్టుకోవాలి. సెకనుకు పదిసార్లు జీపీఎస్‌తో కారు స్పీడు కొలిచి బ్లూటూత్‌లో ఫోన్‌కి పంపుతుంది, గంటకు 0 నుంచి 100 కిలోమీటర్ల స్పీడుకి ఎన్ని సెకన్లు పట్టిందో సెకనులో వందో వంతు దాకా చూపిస్తుంది. నాకు పద్నాలుగు వేల చిల్లర పడింది. పాత కారు మీద నేను పెట్టిన ఖర్చుల్లో ఇంతగా పనికొచ్చింది ఇంకొకటి లేదు, ఎందుకో రాస్తాను.

నాది 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్. వీటెక్ అంటే ఇంజన్ వేగం పెరిగాక వాల్వులు ఇంకాస్త ఎక్కువ తెరిచే హోండా పద్ధతి. 1493 సీసీ, 6800 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర 106 హార్స్‌పవర్, బరువు టన్నుకు కాస్త పైన. నాలుగు డోర్లున్నా సరే, ఆ రోజుల్లో మనలాంటివాళ్లు కొనగలిగిన స్పోర్ట్స్ కారు ఇదే అని ఇప్పటికీ గట్టిగా అంటాను. కొత్తలో కార్ల పత్రికల్లో దీని 0-100 టైమ్ పది సెకన్లకు అటూ ఇటూ అచ్చయ్యేది. చాలా ఏళ్ల కిందట మా తమ్ముడు పక్క సీట్లో కూర్చుని, స్పీడోమీటర్ ముల్లు చూస్తూ ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కితే 10.6 వచ్చింది. ఆ నంబర్ పట్టుకుని ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకున్నాను, అది తప్పు లెక్క అని ఈ పెట్టె వచ్చాకే తెలిసింది.

ఎక్కడ కొలిచానో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పని మన రోడ్ల మీద ఎవరూ చెయ్యొద్దు. చంద్రగిరి వైపు తెల్లవారుజామున కూడా శ్రీవారి మెట్టుకి నడిచిపోయే భక్తులు గుంపులు గుంపులుగా ఉంటారు, చంటిపిల్లల్ని ఎత్తుకుని. చిత్తూరు హైవే ఖాళీగా కనిపించినా ఏ పక్కనుంచి ఆవు దిగుతుందో చెప్పలేం. మా మామ వాళ్లది చంద్రగిరి దాటాక ఒక వెంచర్ ఉంది, ప్లాట్లు వేసి తారు రోడ్డు పోశారు, ఇళ్లు ఇంకా లేవలేదు. మామని అడిగి, గేటు మూసి, వాచ్‌మన్ అన్నని ఆ చివర నిలబెట్టి, ఉదయం ఆరులోపల పని ముగించేవాళ్లం. లోపల నేరుగా ఆరువందల మీటర్లు ఉంది, 100 దాకా పోయి నింపాదిగా బ్రేకు వేసుకోవడానికి సరిపోతుంది.

మొదటి రోజు ముగ్గురం ఎక్కాం, ఏసీ ఆన్‌లో ఉంది, ట్యాంకు నిండా పెట్రోలు. పెట్టె చూపించింది 13.1.

నిజంగా బాధేసింది. పెట్టెలోనే ఏదో తేడా ఉందనుకుని మూడుసార్లు ఆపి మళ్లీ పెట్టి చూశాను, మూడుసార్లూ పదమూడు చిల్లరే. అప్పుడు ముల్లునీ ఫోన్ స్క్రీన్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బయటపడింది. నా కారులో ముల్లు 100 మీద ఉన్నప్పుడు అసలు స్పీడు 94. ఇది నా కారు జబ్బేం కాదు. స్పీడోమీటర్ అసలు స్పీడు కంటే తక్కువ చూపించకూడదు, ఎక్కువ చూపిస్తే మాత్రం ఒక హద్దు దాకా ఫర్వాలేదు అని అంతర్జాతీయ నిబంధనల్లోనే ఉంది, ఆ హద్దు అసలు స్పీడులో పది శాతం, దాని మీద ఇంకో 4 కిలోమీటర్లు. అందుకని కంపెనీలు ముల్లుని కాస్త ముందుకే పెడతాయి. అంటే మా తమ్ముడు నొక్కిన 10.6 సెకన్లు 100కి కాదు, 94కి.

ఆ ఆరు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. నా కారుకి ఆ ఆరే అన్నిటికంటే ఖరీదు. ఇంజన్ మీద ప్రేమ కొద్దీ 6800 దగ్గర గేరు మారుస్తాను, అప్పటికి రెండో గేరులో పెట్టె చూపించే స్పీడు సరిగ్గా 94 దగ్గర ఉంటుంది. అంటే 100 అందుకోవాలంటే మూడో గేరు వెయ్యాల్సిందే. ఫోన్‌లో గ్రాఫ్ చూస్తే ఏటవాలుగా పైకి పోతున్న గీత అక్కడికి రాగానే మెట్టులాగా చదునై, దాదాపు ఒక సెకను అలాగే ఉండి, ఆ తర్వాత నిదానంగా లేస్తుంది. పత్రిక కోసం నడిపేవాడు ఇలా చెయ్యడు, ఇంజన్ ఇక వద్దు అనేదాకా రెండో గేరులోనే లాగుతాడు, క్లచ్ కాలినా అతనికి బాధ లేదు, మర్నాడు కారు కంపెనీకి తిరిగి పోతుంది. అమెరికా వాళ్ల లెక్క అయితే ఇంకా వేరే, వాళ్లు కొలిచేది గంటకు 60 మైళ్ల దాకా, అంటే మన లెక్కలో 96.5 కిలోమీటర్లు. నా కారులాంటి వాటికి ఆ మూడున్నర కిలోమీటర్ల తేడాకే అర సెకను పోతుంది. దాని మీద రోల్‌అవుట్ ఒకటి. డ్రాగ్ స్ట్రిప్‌ల (నేరుగా దూసుకుపోయే రేసుల ట్రాక్‌ల) పద్ధతిలో కారు కదిలిన మొదటి అడుగు దూరాన్ని లెక్కలోకి తీసుకోరు, గడియారం ఆ తర్వాతే మొదలవుతుంది. నా పెట్టెలోనూ ఈ ఆప్షన్ ఉంది, అది ఆన్ చేస్తే నా కారు టైమ్ 0.3 తగ్గింది. కారు మాత్రం అదే.

తర్వాత వారం ఒక్కడినే వెళ్లాను. ఏసీ ఆఫ్, ట్యాంకులో పావు వంతు పెట్రోలు. టన్ను బరువు కారులో ఇద్దరు అదనంగా కూర్చుంటే మొత్తం బరువు ఎనిమిదో వంతు పెరిగినట్టే, ఆ ఇద్దరు దిగగానే తేడా సీట్లోనే తెలిసింది. ఇంకో సంగతి, ఆ రోడ్డు కంటికి చదునుగా కనిపిస్తుంది గానీ చదును కాదు. కొండ కింద ఊరు కదా, వాన పడితే నీళ్లు ఎటు పారతాయో చూస్తే తెలుస్తుంది. పెట్టె కూడా వాలు ఉందని చెప్పింది, ఒక శాతం. అప్పటినుంచి పైకొకసారి కిందికొకసారి నడిపి సగటు తీస్తున్నాను. ఆ రోజు సగటు 11.4. మొదటి రోజు 13.1 దిగుడు వైపు వచ్చిందని కూడా అప్పుడే అర్థమైంది.

ఆ గ్రాఫ్ తీసుకెళ్లి రేణిగుంట రోడ్డులో నేను ఎప్పుడూ వెళ్లే మెకానిక్ షెడ్డులో చూపించాను. ఆయన స్క్రీన్‌ని వేలితో జరుపుతూ రెండు నిమిషాలు చూసి, "అన్నా, మూడో గేరులో ఇంజన్ అరస్తా ఉందా, బండి మాత్రం పోవడం లేదా?" అన్నాడు. అవునన్నాను. "క్లచ్ ప్లేటు జారతా ఉంది, దించితే గానీ లాభం లేదు." దించితే ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయి ఉంది. ఊళ్లో నడిపేటప్పుడు ఏమీ తెలియలేదు, మైలేజ్ కూడా బాగానే ఉండేది. క్లచ్ సెట్టు, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చాడు, థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాడు, టైర్లలో గాలి సరిచేశాడు. మళ్లీ వెంచర్‌కి వెళ్తే దిగుడు వైపు 10.3, ఎక్కుడు వైపు 11.1, సగటు 10.7. ఇరవై ఏళ్లు దాటిన కారు, ఇంజన్ ఎప్పుడూ విప్పలేదు, పత్రికల టైమ్‌కి సెకను లోపల ఉంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మాటల్లో పెట్టలేను.

ఎండ గురించి కూడా రాయాలి, మన ఊరివాళ్లకి ఇది బాగా అవసరం. 10.7 వచ్చిన ఉదయం 24 డిగ్రీలు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి 41 డిగ్రీల్లో అదే రోడ్డు, అదే నేను, సగటు 11.2. వేడికి గాలి పలచబడుతుంది, ఆ తేడాకి అయిదు శాతం పైనే, ఇంజన్ పీల్చుకునే గాలే తగ్గితే బలం ఎక్కడినుంచి వస్తుంది? చల్లటి దేశంలో కొలిచిన టైమ్‌ని తిరుపతి ఎండాకాలంలో ఆశించి కారుని తిట్టడం అన్యాయం. చిత్తూరు నుంచి ఒక అన్న తన ఆక్టావియా ఆర్‌ఎస్ తెచ్చాడు, 1.8 టర్బో, 150 హార్స్‌పవర్. మొదటి రన్‌లో నన్ను ఎక్కడో వదిలేసింది, కానీ ఆపకుండా తిప్పితే మూడో రన్‌కి ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే భాగం) వేడెక్కి టైమ్ పడిపోయింది. పావుగంట బానెట్ ఎత్తి పెట్టాక మళ్లీ మామూలైంది. పాలియో 1.6 కూడా ఒకటి వచ్చింది, 100 హార్స్‌పవర్‌ది. కింద ఆర్‌పీఎంలో దాని లాగుడు నా కారు కంటే బాగుంది, ఊళ్లో నడపడానికి నాకు అదే నచ్చింది.

అచ్చయిన నంబర్లన్నీ అబద్ధాలని నేను అనడం లేదు. కొన్ని మాత్రం మోసమే. 1964లో పాంటియాక్ జీటీఓ 0-60 మైళ్లు 4.6 సెకన్లని అచ్చయింది, ఆ టెస్టు కారులో ఉన్నది జనానికి అమ్మే 389 ఘనపు అంగుళాల ఇంజన్ కాదు, ఇంకా పెద్దదైన 421 అని ఆ కారు ప్రచారం చూసుకున్న మనిషే తర్వాతెప్పుడో ఒప్పుకున్నాడు. 1961 జాగ్వార్ ఈ-టైప్ పత్రికల చేతిలో గంటకు 150 మైళ్లు అందుకుంది, అవి కంపెనీ ప్రత్యేకంగా సిద్ధం చేసి ఇచ్చిన కార్లు, మామూలుగా కొన్నవాళ్లకి ఆ స్పీడు రాలేదు. 1972కి ముందు అమెరికా కార్ల హార్స్‌పవర్ లెక్కలు ఇంజన్‌ని స్టాండ్ మీద పెట్టి, ఎయిర్ ఫిల్టరూ సైలెన్సరూ లేకుండా కొలిచినవి. జపాన్‌లో మాత్రం దీనికి తలకిందులు. 1989 నుంచి 2004 దాకా అక్కడి కంపెనీలు 280 హార్స్‌పవర్ దాటి రాయకూడదని వాళ్లలో వాళ్లే అనుకున్నారు, నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ లాంటివి కాగితం మీద 280, రోడ్డు మీద అంతకంటే ఎక్కువ. మన దగ్గర రాజ్‌దూత్ 350 బైకు కూడా గుర్తుంచుకోవాలి, జపాన్ యమహా ఆర్‌డీ350కి ఇక్కడ తయారైన రూపం అది. జపాన్ ఆర్‌డీ350కి 39 హార్స్‌పవర్, ఇక్కడ హై టార్క్ మోడల్‌కి 30.5, లో టార్క్ మోడల్‌కి 27. బండి ఒకటే కదా అని జపాన్ బండి టైమ్‌ని మన బండికి అంటగడితే ఎలా?

ఇక పెట్టెలో లోపాలు. ఆకాశం కనిపించేచోట కూడా శాటిలైట్లు పట్టడానికి ఒకటి రెండు నిమిషాలు తీసుకుంటుంది, చెట్ల కింద అయితే ఆశ వదులుకోవాలి. అయస్కాంతం ఇచ్చారు గానీ ప్లాస్టిక్ డాష్‌బోర్డుకి అది ఎందుకు పనికొస్తుంది, రెండు వైపులా అంటుకునే టేపు నేనే కొనుక్కున్నాను. నాకు వచ్చిన మొదటి పీసులో చార్జింగ్ పిన్ను వదులుగా ఉంది, మార్చి ఇవ్వడానికి అమ్మినవాళ్లు మూడు వారాలు తిప్పారు, కాబట్టి డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీసుకోండి. రోల్‌అవుట్ ఆప్షన్ కొన్నప్పుడు ఆన్‌లోనే ఉంది, ముందు దాన్ని ఆఫ్ చెయ్యండి, లేకపోతే మీ నంబర్‌నీ పక్కవాళ్ల నంబర్‌నీ పోల్చలేరు. ఫోన్‌లో ఉండే జీపీఎస్‌తో సరిపెట్టుకుందాం అనుకునేవాళ్లకి ఒక మాట, మామూలుగా అది సెకనుకు ఒక్కసారే స్పీడు చెప్తుంది, ఒక్క సెకనులో నా కారు స్పీడు పది కిలోమీటర్లు పెరిగిపోతుంది, మరి 100 ఎప్పుడు దాటిందో దానికెలా తెలుస్తుంది?

అయిదుకి నాలుగు ఇస్తాను, ఒకటి ఆ చార్జింగ్ పిన్నుకి పోయింది. రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే కారుకి ఇది అక్కర్లేదు. పాత స్పోర్ట్స్ కారో, వీటెక్ లాంటిదో ఉన్నవాళ్లు తప్పకుండా కొనండి, లేదా నలుగురు కలిసి ఒకటి కొనండి. నా కారు సర్వీస్ పుస్తకంలో క్లచ్ బిల్లు పక్కనే ఇలా రాసి పెట్టాను: 10.7, రెండు వైపుల సగటు, ఒక్కడినే, ఏసీ ఆఫ్, పావు ట్యాంకు, 24 డిగ్రీలు, రోల్‌అవుట్ లేదు.