కొత్తపేటలో అద్దె బిల్డింగు, స్కానింగ్ సెంటర్: రెండో అగ్రిమెంటులో ఉన్నవాడి సమీక్ష

గుంటూరు కొత్తపేటలో ఒక కాంప్లెక్సు మొదటి అంతస్తు అద్దెకు తీసుకుని స్కానింగ్, ఎక్స్‌రే సెంటర్ నడుపుతున్నాను. మొదటి అగ్రిమెంటు అయిపోయి రెండోది నడుస్తోంది, కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

లొకేషన్‌కి వంక పెట్టలేం. పెద్దాసుపత్రి దగ్గర, చుట్టూ నర్సింగ్ హోములే. నరసరావుపేట, మాచర్ల వైపు నుంచి తెల్లారే బస్సెక్కి వచ్చేవాళ్లు డాక్టరుకు చూపించుకుని, పరీక్షలు చేయించుకుని, మందులు కొనుక్కుని సాయంత్రానికి ఊరు చేరాలనుకుంటారు. అందుకే అద్దె ఎంత మండిపోయినా ఈ వీధి వదలబుద్ధి కాదు. కింద టిఫిన్ హోటల్ ఉండటం ఇంకా కలిసొచ్చింది. పొట్ట స్కానింగుకు పరగడుపున వచ్చినవాళ్లు బయటికి రాగానే వెతికేది ఇడ్లీనే.

అసలు బాధ బాత్రూములతో. కొన్ని స్కానింగులకు నీళ్లు బాగా తాగి, మూత్రం బిగబట్టుకుని కూర్చోవాలి. స్కాన్ అవగానే ఒక్క నిమిషం ఆగలేరు. ఈ బిల్డింగేమో షాపుల కోసం కట్టింది, ఫ్లోరు మొత్తానికి మెట్ల పక్కన ఒకటే బాత్రూము. గర్భిణులు అక్కడ వరసలో నిలబడితే చూసేవాళ్లకే టెన్షన్. ఓనరు గారు పైసా పెట్టనన్నారు, లోపల ఇంకోటి నా ఖర్చుతోనే కట్టించాను. లిఫ్టులో వీల్‌చైర్ పడుతుంది, స్ట్రెచర్ పట్టదు. ఎక్స్‌రే గదికి నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడ పనికిరాదు కాబట్టి రేడియేషన్ బయటికి రాకుండా గోడలు మందం చేయించి, తలుపుకు సీసం రేకు వేయించాల్సి వచ్చింది.

ఇంత ఖర్చు ఆ గోడల్లోనే ఉండిపోతుందని ఓనర్లకూ తెలుసు. రెన్యువల్ రోజున మా ఓనరు గారన్న మాట: "ఎక్కడికి పోతారులెండి డాక్టరు గారూ!" నిజమే. మనది మూటలు కట్టుకుని పక్క వీధికి మారిపోయే బట్టల షాపు కాదు. స్కానింగ్ మెషీన్‌కి పీసీపీఎన్‌డీటీ (గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను అడ్డుకునే చట్టం) రిజిస్ట్రేషన్ ఈ అడ్రసు మీద ఉంటుంది. చోటు మారాలంటే కనీసం 30 రోజుల ముందు అధికారులకు తెలపాలి. ఎక్స్‌రేకి ఏఈఆర్‌బీ (రేడియేషన్ భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు తతంగం మళ్లీ మొదలు. అందుకే రెండో అగ్రిమెంటులో అద్దె ఏటా ఎంత శాతం పెరగాలో రాయించి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాను. గడువులోపు ఓనరు ఖాళీ చేయించకూడదు, నేను మాత్రం నోటీసిచ్చి వెళ్లొచ్చు. ఈ ఒక్క షరతు కోసం అడ్వాన్సు కాస్త ఎక్కువే ఇచ్చాను, బాధ లేదు.

జీఎస్టీ సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. వైద్య సేవలకు జీఎస్టీ లేదు, పేషెంట్ల దగ్గర మనం వసూలు చేసే పన్నూ లేదు, కాబట్టి అద్దె మీద కట్టే 18 శాతాన్ని అందులో సర్దుకుని వెనక్కి తెచ్చుకునే దారీ లేదు. ఓనరుకు జీఎస్టీ నంబరుంటే లక్ష అద్దె మనకు లక్షా పద్దెనిమిది వేలు.

పార్కింగ్ గురించి చెప్పడానికేం లేదు, అది లేదు కాబట్టి.

మొత్తం మీద ఐదుకి మూడున్నర. కన్సల్టేషన్ మాత్రమే చూసే డాక్టరుకైతే ఇదే బిల్డింగు నాలుగున్నర. డయాలసిస్ పెడదామనుకునేవాళ్లు మాత్రం ఇటు రావద్దు, బోరు నీళ్లు వేసవిలో మాకే చాలవు.